మూడు రోజుల పళ్ళు, లైఫ్‌టైం వారంటీ

సుచిత్ర దగ్గర్నుంచి మేడ్చల్ వైపు బండి మీద వెళ్ళిన వాళ్ళెవరికైనా ఈ సంగతి తెలిసే ఉంటుంది. కొంపల్లి, కండ్లకోయ దాటి మేడ్చల్ చేరేలోపు రియల్ ఎస్టేట్ బోర్డుల తర్వాత ఎక్కువ కనపడేవి పళ్ళ డాక్టర్ల బోర్డులే. అటు అల్వాల్ నుంచి రాజీవ్ రహదారి పట్టుకుని తూంకుంట మీదుగా శామీర్‌పేట వెళ్ళినా అదే తంతు. నవ్వుతున్న ఒక ముసలాయన, చేతిలో యాపిల్ పండు (ఆ యాపిల్ ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు, మా వైపు అరవై దాటిన వాళ్ళు యాపిల్ కొరికి తినడం నేనెప్పుడూ చూళ్ళేదు), పక్కన పెద్ద అక్షరాల్లో "72 గంటల్లో ఫిక్స్‌డ్ పళ్ళు", కింద "98% సక్సెస్", ఇంకా కింద "లైఫ్‌టైం వారంటీ".

నేను రోజూ కోడ్ రాసుకుని బతికేవాణ్ణి. డాక్టర్ని కాను. కానీ 98 శాతం అని ఎవరైనా అంటే మా వృత్తిలో వెంటనే నోట్లోంచి వచ్చే ప్రశ్న ఒకటుంది: ఎంతమందిలో, ఎన్నాళ్ళకి, ఎవరు లెక్కపెట్టారు? ఈ మూడిటికీ జవాబు చెప్పగలిగిన బోర్డు నాకు ఇంతవరకు కనపడలేదు. నా గోలంతా దీని గురించే.

ముందే ఒక మాట. ఇంప్లాంట్లు బూటకం అని నేను అనట్లేదు. వైద్యంలో నిజంగా పనిచేసే వాటిల్లో ఇదొకటి. స్వీడన్లో బ్రోనెమార్క్ అనే ఆయన 1950ల మొదట్లో కుందేలు ఎముకలో టైటానియం గొట్టం పెట్టి రక్తప్రసరణ చూస్తుంటే, ఆ గొట్టం ఎముకకి అతుక్కుపోయి ఊడి రాలేదు. అక్కణ్ణుంచి మొదలై 1965లో గోస్టా లార్సన్ అనే మనిషి దవడలో మొదటి ఇంప్లాంట్లు పెట్టారు. ఆయన 2006లో పోయేదాకా, అంటే నలభై ఏళ్ళ పైన, అవి పనిచేశాయి. గొప్ప విషయమే, కాదని ఎవరన్నారు?

అయితే బ్రోనెమార్క్ పద్ధతిలో ఒక నియమం ఉండేది. స్క్రూ పెట్టాక చిగురు కుట్టేసి కింది దవడకైతే మూడు నెలలు, పై దవడకైతే ఆరు నెలలు ముట్టుకోకూడదు. ఎముక వచ్చి టైటానియాన్ని పట్టుకున్నాకే దాని మీద పన్ను కట్టాలి. బోర్డు మీది "72 గంటలు" ఈ నియమాన్ని పక్కన పెట్టిన పద్ధతి. స్క్రూ పెట్టిన వారం లోపే పన్ను కట్టి నమలనిస్తే దాన్ని ఇమీడియట్ లోడింగ్ అంటారు.

ఇందులో మెకానిక్స్ చాలా బాగుంటుంది, కాస్త చెప్పనివ్వండి. స్క్రూ బిగించిన రోజు అది నిలబడేది కేవలం బిగుతు వల్ల, గోడలో మేకు నిలబడ్డట్టు. తర్వాత మొదటి వారాల్లో ఒత్తిడి పడ్డ ఆ ఎముకని శరీరం కొంత కరిగిస్తుంది, కొత్త ఎముక నెమ్మదిగా వస్తుంది. పాత బిగుతు తగ్గుతూ ఉంటుంది, కొత్త పట్టు ఇంకా పూర్తిగా రాలేదు. అంటే స్క్రూ అన్నిటికన్నా బలహీనంగా ఉండేది పెట్టిన రోజు కాదు, సుమారు మూడు నాలుగు వారాలకి. సరిగ్గా పేషెంటుకి నొప్పి పోయి, ధైర్యం వచ్చి, మటన్ బొక్క మీద మనసు పోయే టైముకి అన్నమాట. అప్పుడు ఆ స్క్రూ ఎముకలో 150 మైక్రాన్ల కంటే ఎక్కువ కదిలితే (ఒకటి రెండు తల వెంట్రుకల మందం) ఎముక బదులు పీచులాంటి పొర ఏర్పడుతుంది. ఆ తర్వాత అది ఇంక అతుక్కోదు. ఎప్పుడో ఒకప్పుడు ఊగుతుంది.

కాబట్టి తొందరగా పన్ను కట్టాలంటే షరతులున్నాయి. బిగించేటప్పుడు టార్క్ 30-35 న్యూటన్ సెంటీమీటర్లు దాటాలి. ఎముక గట్టిగా ఉండాలి (పై దవడ వెనక భాగం మెత్తన). షుగరు అదుపులో ఉండాలి. పొగ, గుట్కా మానాలి. రాత్రిళ్ళు పళ్ళు కొరికే అలవాటు ఉండకూడదు. ఒక్క పన్నే అయితే ఎదురు పన్నుకి తగలకుండా కొంచెం పొట్టిగా కట్టాలి. ఆరు నుంచి ఎనిమిది వారాలు మెత్తటి తిండే తినాలి. అంటే జొన్నరొట్టె, సకినాలు, మక్కకంకి బంద్. ఈ షరతుల్లో ఒక్కటీ ఆ బోర్డు మీద ఉండదు. ఫాంట్ సైజు సరిపోలేదేమో.

సరే, ఆధారాల సంగతి చూద్దాం. ఇమీడియట్ లోడింగ్ వాళ్ళు ఎప్పుడూ చూపించేది 2013 కాక్రేన్ రివ్యూ. 26 ట్రయల్స్, 1,217 మంది, 2,120 ఇంప్లాంట్లు. వెంటనే లోడ్ చేసినా, ఆగి చేసినా చెప్పుకోదగ్గ తేడా ఉందని నమ్మదగ్గ ఆధారం దొరకలేదని తేల్చారు. బాగానే ఉంది. కానీ అందులో లెక్క చూసింది ఎంత కాలానికి? ఏడాదికి! ఏడాది ఫలితం చూపించి జీవితకాలం వారంటీ ఇవ్వడం అంటే, స్టేజింగ్‌లో ఒక రోజు నడిచిన బిల్డుకి పదేళ్ళ ఎస్సెల్యే రాసి ఇచ్చినట్టు. పైగా ఆ ట్రయల్స్‌లోకి వచ్చిన వాళ్ళు ఏరి తెచ్చిన పేషెంట్లు. ఎముక కొలిచి, టార్క్ చూసి, సరిపోకపోతే పక్కన పెట్టేస్తారు.

ఎక్కువ కాలం చూసినవి లేవా అంటే ఉన్నాయి. 1997లో ష్నిట్‌మన్ వాళ్ళు పదేళ్ళ ఫలితాలు అచ్చేశారు. పది మంది పేషెంట్లు, 63 స్క్రూలు. ఆగిన 35లో ఒక్కటీ పోలేదు. వెంటనే లోడ్ చేసిన 28లో నాలుగు పోయాయి, అంటే పదేళ్ళకి నిలిచింది సుమారు 85 శాతం. అది పాత నున్నటి స్క్రూల కాలం, ఇప్పుడు ఉపరితలం గరుకుగా చేస్తున్నారు, నిజమే. లిస్బన్లో మాలో నాలుగు స్క్రూల మీద మొత్తం కింది దవడ కట్టే పద్ధతి పెట్టి, 245 మందిలో 980 ఇంప్లాంట్లకి పదేళ్ళ దాకా లెక్క చూసి, ఇంప్లాంట్ల వారీగా 94.8 శాతం అని 2011లో చెప్పారు. చాలా మంచి అంకె. కానీ అది ఆ పద్ధతి కనిపెట్టిన మనిషి సొంత క్లినిక్కులో, ఆయన సొంత టీమ్ చేసిన లెక్క. అది మన మేడ్చల్ బస్టాండ్ పక్కన మెట్లెక్కి వెళ్ళే క్లినిక్కుకి ఎట్లా వర్తిస్తుంది? సచిన్ సగటు చూపించి, మా గల్లీ టీమ్‌లో ఓపెనింగుకి దిగేవాడు కూడా అన్నే కొడతాడు అన్నట్టుంది.

ఇంకో తిరకాసు. అంకెలు స్క్రూల వారీగా చెప్తారు, మనుషుల వారీగా కాదు. ఒక్కో స్క్రూ 95 శాతం నిలుస్తుందనుకుందాం. ఆరు స్క్రూలు పెట్టించుకున్న మనిషికి ఆరూ నిలిచే అవకాశం ఎంత? 0.95ని ఆరు సార్లు గుణిస్తే 0.735. అంటే ప్రతి నలుగురిలో ఒకరికి కనీసం ఒకటి పోతుంది. (స్టాటిస్టిక్స్ తెలిసిన వాళ్ళు ఆగండాగండి, అవి స్వతంత్ర సంఘటనలు కావు, ఒకే నోట్లో ఉన్నవి కలిసి పోతాయి అంటారు. ఒప్పుకుంటా. అంటే తక్కువ మందికి పోతాయి, పోయిన వాళ్ళకి మాత్రం రెండు మూడు ఒకేసారి పోతాయి. ఆ మనిషికి ఇదేమన్నా ఓదార్పా?)

అన్నిటికన్నా నన్ను ఆపేసింది ఇంకోటి. 2019లో హౌ, కీస్, రిచర్డ్స్ అని ముగ్గురు అన్ని రకాల ఇంప్లాంట్లకి పదేళ్ళ లెక్కలన్నీ కలిపి చూశారు. వచ్చింది 96.4 శాతం. తర్వాత వాళ్ళు చేసిన పని చూడండి. మధ్యలో చెకప్‌కి రావడం మానేసి కనపడకుండా పోయిన వాళ్ళని కూడా అంచనా వేసి లెక్కలో కలిపారు. 93.2కి దిగింది. అంటే పోయిన స్క్రూల శాతం దాదాపు రెట్టింపు! ఇది జాగ్రత్తగా చేసిన అధ్యయనాల పరిస్థితి. మన దగ్గర వంద మందికి పెడితే అరవై మందే మళ్ళీ వచ్చారనుకోండి, ఆ అరవైలో ఇద్దరికి పోతే డాక్టరుగారికి అది 97 శాతం సక్సెస్. మిగతా నలభై మంది? వేరే దవాఖానకి పోయారు, ఊరెళ్ళిపోయారు, లేదా డాక్టర్ని తిట్టుకుంటూ పాత కట్టుడు సెట్టు తీసి పెట్టుకున్నారు. రాని కస్టమర్ని సంతృప్తి చెందిన కస్టమర్‌గా లెక్కేసే డ్యాష్‌బోర్డ్ మా ఆఫీసులో ఎవరైనా చూపిస్తే మీటింగులోంచి బయటికి పంపిస్తారు.

పైగా నిలవడం అంటే బాగుండడం కాదు. స్వీడన్లో డెర్క్స్ వాళ్ళు, ప్రభుత్వ బీమా రికార్డుల్లోంచి పేషెంట్లని ఎంచుకుని తొమ్మిదేళ్ళ తర్వాత పిలిచి చూశారు. కనీసం ఒక ఇంప్లాంటు పోయిన వాళ్ళు 7.6 శాతం. కానీ స్క్రూ నోట్లోనే ఉండి, చుట్టూ చిగురు కుళ్ళి ఎముక కరిగే జబ్బు, పెరి-ఇంప్లాంటైటిస్, ఏదో ఒక స్థాయిలో ఉన్నవాళ్ళు 45 శాతం. గట్టిగా ముదిరిన వాళ్ళు 14.5 శాతం. బోర్డు లెక్కలో వీళ్ళందరూ సక్సెసే. ఈ లెక్క అక్కడ ఎలా సాధ్యమైందో గమనించారా? ఎవరికి పెట్టారో ఒక ప్రభుత్వ పుస్తకంలో రాసి ఉంది కాబట్టి. ఫిన్లాండ్‌లో 1994 నుంచే పళ్ళ ఇంప్లాంట్లకి జాతీయ రిజిస్టరు పెట్టారు.

మన దగ్గర? మా పెద్దనాన్న సంగతి చెప్తా.

శామీర్‌పేట దగ్గర పల్లె మాది. పెద్దనాన్నకి 2019లో అక్క పెళ్ళి ముందర పై పళ్ళు అన్నీ పోయి ఉన్నాయి. షుగరుంది. బోర్డు చూసి వచ్చి, "మూడు దినాలల్ల పండ్లు పెడ్తరట రా, లగ్గంల ఫోటోలు మంచిగొస్తయి" అన్నాడు. ఆరు స్క్రూలు, మూడో రోజు బ్రిడ్జి. పసుపు పంట అమ్మిన డబ్బులు, పైన కొంత మిత్తికి తెచ్చింది. ఫోటోలు నిజంగానే బాగా వచ్చాయి. నాలుగో నెలలో ఒకటి ఊగింది, తీసి మళ్ళీ పెట్టారు, సరే. 2023లో రెండిటి చుట్టూ చీము. ఆ క్లినిక్కుకి వెళ్తే బోర్డు అదే, లోపల డాక్టరు వేరే. స్క్రూలు పెట్టిన ఆయన సిటీ నుంచి వారానికోసారి వచ్చి పెట్టి పోయే కన్సల్టెంటట. "ఫైలు దొరుకుతలేదు, సిస్టం మారింది" అన్నారు. వారంటీ కార్డు చూపిస్తే, అది స్క్రూకే గానీ పనికి కాదన్నారు. కార్డు మీద ఒక హోలోగ్రాము, క్లినిక్కు లోగో, ఒక నవ్వుతున్న పన్ను బొమ్మ. కంపెనీ పేరు లేదు, సైజు లేదు, లాట్ నంబరు లేదు.

ఇంకో డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళా. ఆవిడ బ్రిడ్జి విప్పుదామని చూస్తే విప్పే డ్రైవరు సరిపోలేదు. ఒక్కో కంపెనీ స్క్రూకి ఒక్కో రకం తల, ఒక్కో డ్రైవరు. ఏ కంపెనీదో తెలిస్తే ఐదు నిమిషాల పని. ఎక్స్‌రేలో ఆకారం చూసి పోల్చుకునే ప్రయత్నం చేసింది, తేలలేదు. చివరికి బ్రిడ్జి కోసి తీయాల్సొచ్చింది. "మీ పెద్దనాన్న తప్పు లేదు బాబూ, ఒక్క స్టిక్కరు అంటించి ఇచ్చుంటే ఇది దక్కేది" అంది. ఆ స్టిక్కరు ప్రతి ఇంప్లాంటు పెట్టె మీదా ఉంటుంది. చింపి కాయితం మీద అతికించడానికి పట్టే టైము రెండు సెకండ్లు.

ఇప్పుడాయన పాత పద్ధతిలో తీసి పెట్టుకునే సెట్టుతోనే ఉన్నాడు. "దీనికి మిత్తి లేదు రా" అని నవ్వుతాడు. అప్పు మాత్రం పోయినేడు తీరింది.

ఇది ఒక్కరి కథ, ఒక్కరి కథతో సిద్ధాంతం చెయ్యకూడదు అంటారా? అదే కదా నేను చెప్పేది! ఇది ఒక్కటా, వెయ్యిలో ఒకటా, పదిలో ఒకటా అన్నది చెప్పడానికి మనకి ఏ లెక్కా లేదు. మన దేశంలో పెట్టిన ప్రతి డెంటల్ ఇంప్లాంటూ తప్పనిసరిగా నమోదవ్వాల్సిన రిజిస్టరు లేదు. 2014 నాటి దంతవైద్యుల నైతిక నియమావళిలో రికార్డులు కనీసం ఎన్నాళ్ళు దాచమన్నారో తెలుసా? వైద్యం మొదలైన రోజు నుంచి మూడేళ్ళు. అంటే లైఫ్‌టైం అని బోర్డు పెట్టి, నాలుగో ఏట ఫైలు పారేసినా నియమం తప్పినట్టు కాదు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం ఫిర్యాదుకి గడువు కారణం తలెత్తిన నాటి నుంచి రెండేళ్ళు. ఏ కారణం ఎప్పుడు తలెత్తిందో నిరూపించడానికి మళ్ళీ ఆ ఫైలే కావాలి!

వైద్య పరికరాల మీద ప్రభుత్వం ఏమీ చెయ్యలేదని కాదు. 2017లో వైద్య పరికరాల నిబంధనలొచ్చాయి. అదే ఏడాది గుండె స్టెంట్లకి, మోకాలి చిప్పలకి ధర పరిమితి పెట్టారు. పరికరాల వల్ల జరిగే హాని రిపోర్టు చెయ్యడానికి 2015లోనే మెటీరియోవిజిలెన్స్ అని ఒక కార్యక్రమం మొదలైంది. కానీ రిపోర్టు చెయ్యాలంటే ముందు ఆ పరికరం ఏదో తెలియాలిగా. జాన్సన్ అండ్ జాన్సన్ వాళ్ళ ఏఎస్ఆర్ తుంటి కీలు గొడవ గుర్తుందా? 2010లో ప్రపంచమంతా వెనక్కి తీసుకున్నారు. మన దేశంలో సుమారు 4,700 సర్జరీలు జరిగితే, ఏళ్ళ తర్వాత కమిటీ వేసి వెతికినప్పుడు ఆచూకీ దొరికింది వెయ్యి మంది చిల్లరకే. పెద్ద ఆసుపత్రుల్లో, పెద్ద సర్జరీ, పెద్ద కంపెనీ, అయినా అదీ సంగతి. ఇంక కుర్చీలో కూర్చోబెట్టి పెట్టే పన్ను స్క్రూ గతేమిటో ఊహించుకోండి.

ఇక్కడ నాకు ఒళ్ళు మండేది ఇంకోటుంది. అదే శామీర్‌పేట దాటి కాస్త ముందుకి పోతే తుర్కపల్లి, జీనోమ్ వ్యాలీ. కొవాక్సిన్ తయారైన చోటు. ఆ అర మిల్లీలీటరు మందు దేశంలో ఎవరికి వేసినా ఏ తేదీన, ఏ బ్యాచ్‌ది వేశారో సర్టిఫికెట్టు ఫోన్లోకి వచ్చింది. కోట్ల మందికి! మా పెద్దనాన్న దగ్గర ఆ కాయితం లామినేషన్ చేయించి మరీ ఉంది. అదే మనిషి దవడలో ఎప్పటికీ ఉండాల్సిన ఆరు లోహపు ముక్కలకి మాత్రం పేరూ ఊరూ లేదు. చేతగాక కాదు, అడిగేవాడు లేక.

నాకు తెలిసిన ఒకిద్దరు డెంటిస్టు మిత్రులతో ఈ వాదన పెట్టుకున్నా. ఒకడన్నాడు, "పేషెంట్లే చెకప్‌కి రారు, మేమేం చేస్తాం?" నిజమే, రారు. కరెంటు బిల్లు కట్టమని, లోను తీసుకోమని, మీ కారుకి సర్వీసింగు టైమైందని మెసేజీలు పంపే దేశంలో, లక్షలు తీసుకున్న క్లినిక్కు ఏడాదికొక మెసేజీ పంపలేదా? రానివాడికి ఫోన్ చేసి "నాయనా, పళ్ళు ఉన్నాయా?" అని అడిగినా అది డేటానే. ఇంకోడన్నాడు, "రికార్డులు పెడితే ఖర్చు పెరుగుతుంది, అది పేషెంటు మీదే పడుతుంది." ఒక ఎక్సెల్ షీటు. తేదీ, పన్ను నంబరు, కంపెనీ, సైజు, లాట్ నంబరు, బిగించిన టార్క్, ఎన్నో రోజున లోడ్ చేశారు, మొదటి ఎక్స్‌రే, ఇప్పుడెలా ఉంది. తొమ్మిది గళ్ళు. మా ఊరి కిరాణా షాపాయన ఇంతకన్నా ఎక్కువ గళ్ళున్న ఖాతా పుస్తకం ముప్పై ఏళ్ళుగా రాస్తున్నాడు, ఆయనకి ఏ డిగ్రీ లేదు.

మూడో వాదన కాస్త ఆలోచించాల్సింది. "ఆర్నెల్లు పళ్ళు లేకుండా ఉండమంటే ముసలివాళ్ళు అసలు వైద్యమే చేయించుకోరు. మూడు రోజుల్లో అంటేనే వస్తారు. నువ్వు ఇలా భయపెడితే వాళ్ళు గంజి తాగుతూ ఉండిపోతారు." ఇందులో నిజముంది. పళ్ళు లేని మనిషి నలుగురిలో నోరు తెరవడానికి సిగ్గుపడతాడు, తిండి తగ్గి నీరసపడతాడు. ఆర్నెల్లు అనేది కొందరికి నిజంగా ఎక్కువే, సరైన మనిషికి సరైన చేతుల్లో వెంటనే పళ్ళు కట్టడం వరమే. అందుకే ఆ పద్ధతి మానెయ్యమని నేనెక్కడా అనలేదు. సరైన మనిషెవరో, కాని మనిషెవరో మన ఊళ్ళలో, మన షుగరుతో, మన తిండితో తేలాలంటే ఎవరో ఒకరు లెక్కపెట్టాలి అంటున్నా. స్వీడన్ వాడి నోట్లో తేలిన అంకెని పట్టుకొచ్చి గుండ్లపోచంపల్లిలో బోర్డు మీద రాసుకోకండి అంటున్నా. రాసుకుంటే పక్కనే ఎన్నేళ్ళకో, ఎంతమందిలోనో కూడా రాయండి అంటున్నా.

మీ ఇంట్లో ఎవరైనా పెట్టించుకోబోతుంటే డబ్బు కట్టేముందు ఆ స్టిక్కరు అడగండి, టార్క్ ఎంతొచ్చిందో కాయితం మీద రాయించుకోండి, పెట్టిన రోజు ఎక్స్‌రే కాపీ ఫోన్లోకి తీసుకోండి. టార్క్ రాకపోతే వెంటనే లోడ్ చెయ్యకుండా ఆగుతారా అని ముందే అడగండి. ఈ చివరి ప్రశ్నకి మొహం చిట్లించే డాక్టరు దగ్గర్నుంచి లేచి వచ్చెయ్యండి.

ఇంక మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల ప్రాక్టీసు చేసే డాక్టరుగార్లెవరైనా ఇది చదువుతుంటే ఒక మనవి. 2015 నుంచి మీరు పెట్టిన ఇంప్లాంట్లలో, రాని వాళ్ళని కూడా ఫోన్ చేసి కనుక్కుని, ఎన్ని ఉన్నాయో ఎన్ని పోయాయో లెక్క తీసి గోడకి అంటించండి. 98 అక్కర్లేదు, 85 వచ్చినా సరే. మా అమ్మకి కింద కుడివైపు రెండు పళ్ళు కట్టించాలి, మీ దగ్గరికే తీసుకొస్తా.